ఫీజు కాగితం మీద కనిపించని ఖర్చు

ప్రశ్న: మా తమ్ముడికి రెండు చోట్ల ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఒకటి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయం, ఇంటికి చాలా దూరం. ఫీజు రెండో దానికి రెట్టింపు. అయితే మార్కులు చూసి 40 శాతం రాయితీ ఇచ్చారు, అది పోగా పెద్ద తేడా లేదని నాన్న అంటున్నారు. రెండోది ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. నాన్న పదవీ విరమణ చేశారు. మాకున్న ఒకే ఒక్క స్థలం అమ్మి ఫీజులు కట్టేద్దామని ఆయన, అప్పు తీసుకుందామని అమ్మ. జర్మనీలో చదువు ఉచితం, అక్కడికి పంపండని ఒక బంధువు. నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. పై చదువుకు వెళ్లాలని ఉన్నా, తమ్ముడి చదువు అయ్యేదాకా ఆగుదామనుకుంటున్నాను. ఇంజినీరింగ్‌కు మొత్తం ఎంతవుతుందో ఎలా లెక్క వేయాలి? నేను ఆగడం సరైనదేనా?

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో చర్చ అంతా ఆ 40 శాతం రాయితీ చుట్టూ తిరుగుతున్నట్టుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మీరు జతచేసిన ప్రవేశ పత్రం రెండో పేజీ చివర ఒక వాక్యం ఉంది: రాయితీ మొదటి సంవత్సరం ట్యూషన్ ఫీజుకు మాత్రమే వర్తిస్తుంది. దాని కిందే మరొకటి: ఫీజును ఏటా 8 శాతం వరకు పెంచే హక్కు విశ్వవిద్యాలయానికి ఉంటుంది. నాన్నగారు మొదటి పేజీలోని అంకె చూసి మాట్లాడుతున్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆ పేజీని అలా చదివేలాగే అచ్చు వేశారు.

మీ ఇంటి అంకెలను బయటపెట్టడం ఇష్టం లేక, ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏడాది ఫీజును 100 అనుకుంటున్నాను. ప్రైవేటుది 200. రాయితీ పోగా మొదటి ఏడాది 120. వందకూ నూట ఇరవైకీ పెద్ద తేడా లేదన్న మాట నిజమే. ఇప్పుడు నాలుగేళ్లూ వేసి చూడండి. రెండో ఏడాది రాయితీ పోతుంది, 8 శాతం పెరుగుదల వచ్చి పడుతుంది: 216. మూడో ఏడాది 233, నాలుగో ఏడాది 252. మొత్తం 821. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఫీజు కూడా అంతే వేగంగా పెరుగుతుందనుకున్నా నాలుగేళ్లకు 451. మీరు రాసిన ప్రకారం దూరాన ఉన్న చోట హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి దాదాపు ఇంకో 100. అదీ ఏటా పెరుగుతుంది కాబట్టి నాలుగేళ్లకు మరో 451. అంటే ఒకవైపు 1,272, ఇంకోవైపు 451. రోజూ వెళ్లి రావడానికి, మధ్యాహ్నం బయట తినడానికి ఇంకో 40, 50 కలుపుకున్నా రెండోది 500 దగ్గర ఆగుతుంది. ఇరవై తేడా అనుకున్న చోట, దూరపు చదువు ఖర్చు దగ్గరిదానికి రెండున్నర రెట్లయింది. పేరుకు 40 శాతం రాయితీయే అయినా, నాలుగేళ్ల ఫీజులో దాని వాటా 9 శాతం.

రాయితీ నాలుగేళ్లూ కొనసాగేదైతే లెక్క వేరు. అప్పుడు కూడా ఒక్క ప్రశ్న మాత్రం ఆ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి: రాయితీ నిలబెట్టుకోవడానికి ఎన్ని మార్కులు రావాలి, నిరుడు రాయితీతో చేరినవారిలో ఎంతమందికి రెండో ఏడాది అది కొనసాగింది? ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో గణితం, భౌతికశాస్త్రం, కొత్తగా నేర్చుకునే ప్రోగ్రామింగ్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్కూల్లో మొదటి వరుసలో ఉన్న పిల్లలకు కూడా ఆ ఏడాది మార్కులు తగ్గడం మామూలే. ఆ తగ్గుదలకే రాయితీ పోయేలా షరతు ఉంటే, ఆ డబ్బును మీ లెక్కలో మొదటి ఏడాదికి మించి రాసుకోవద్దు.

అమెరికాలో విశ్వవిద్యాలయాలు ఫీజుతో పాటు వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం, సొంత ఖర్చులు కలిపిన మొత్తాన్ని విడిగా లెక్కగడతాయి. ఆర్థిక సహాయం ఎంత ఇవ్వాలన్నది ఆ మొత్తం మీదే తేలుతుంది. ప్రభుత్వ విద్యార్థి సహాయ పథకాల్లో ఉన్న కళాశాలలన్నీ, సహాయం పోగా ఒక కుటుంబం నికరంగా ఎంత కట్టాల్సి వస్తుందో అంచనా వేసి చూపే సాధనాన్ని తమ వెబ్‌సైటులో ఉంచాలన్న నిబంధన 2011లో అమల్లోకి వచ్చింది. కుటుంబాలు మొదటి అంకె చూసి మోసపోవడమో, బెదిరిపోవడమో జరుగుతోందనే ఆ నిబంధన పెట్టారు. మీకు ఎవరూ ఆ అంచనా చేసి ఇవ్వరు కాబట్టి మీరే వేసుకోవాలి. నాలుగు నిలువు గడులు, ఏడాదికొకటి. అంతకంటే పెద్ద శాస్త్రమేమీ లేదు. అయితే ఆ గడుల్లో ఏమేం రాయాలన్నది ఇంజినీరింగ్ విద్యార్థి విషయంలో కొంచెం వేరుగా ఉంటుంది.

చరిత్రో, వాణిజ్యమో చదివే విద్యార్థికి పుస్తకాలు, గ్రంథాలయం ఉంటే చాలావరకు సరిపోతుంది. ఇంజినీరింగ్ విద్యార్థి చేత్తో చేసి చూడాలి. యంత్రాలు, కొలత పరికరాలు, వర్క్‌షాపు, వాటిని నడిపే సిబ్బంది, పదిహేను ఇరవై మందికి మించకుండా విడగొట్టే ల్యాబు బృందాలు, వీటన్నిటికీ డబ్బు కావాలి. అందుకే చాలా చోట్ల ఇంజినీరింగ్ ఫీజు మిగతా కోర్సుల కంటే ఎక్కువ. ల్యాబు ఫీజు, వర్క్‌షాపు డిపాజిట్, పరీక్ష ఫీజు ట్యూషన్‌లో కలిసి ఉన్నాయో, విడిగా వసూలు చేస్తారో రెండు చోట్లా కనుక్కోండి. ఇవి విడివిడిగా చిన్నవే, ఏటా కడుతూ పోతే చిన్నవి కావు.

మొదటి ఏడాది అందరూ తొందరపడి చేసే ఖర్చు కంప్యూటర్. సీటు వచ్చిన వారంలోనే దుకాణానికి పరిగెత్తవద్దు. తరగతులు మొదలయ్యాక, తమ్ముడు తన విభాగంలోని రెండో ఏడాది, మూడో ఏడాది విద్యార్థులను అడిగి కొనాలి. సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. మెకానికల్‌లో చేరి ముందే ఖరీదైన ఆపిల్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు తర్వాత ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాల్సి వస్తుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి ఆ ఇబ్బంది ఉండదు. భారీ గణనలు అవసరమైన పనులకు ల్యాబులో యంత్రాలు ఉంటాయి, రాత్రి ఎన్ని గంటల దాకా ల్యాబు తెరిచి ఉంచుతారన్నదే అసలు ప్రశ్న. అది పన్నెండింటి దాకా తెరిచి ఉంటే ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ చాలు.

సాఫ్ట్‌వేర్ మీద పైసా పెట్టే ముందు కూడా అడగాలి. ఇంజినీరింగ్ లెక్కలు చేసే మాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అనుమతి చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థులందరికీ కలిపి కొంటాయి. కొనకపోతే దాదాపు అదే తీరులో పనిచేసే ఆక్టేవ్ ఉచితం. ఆటోడెస్క్ తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు ఉచితంగా ఇస్తుంది. సర్క్యూట్ బోర్డులు గీయడానికి కైక్యాడ్, సర్క్యూట్లు నడిపి చూడటానికి ఎల్‌టీస్పైస్, ఈ రెండూ వృత్తిలో ఉన్న ఇంజినీర్లు వాడేవే, రెండూ ఉచితమే. పుస్తకాల విషయంలో అయితే మొండిగా ఉండమంటాను. థర్మోడైనమిక్స్ సూత్రాలు కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా మారవు. పాత ముద్రణ, గ్రంథాలయం, పై తరగతి వాళ్ల పుస్తకాలు, వీటితో నాలుగేళ్లూ గడుస్తుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను అందరికీ ఉచితంగా ఇస్తామని 2001లోనే ప్రకటించింది, ఆ ఓపెన్‌కోర్స్‌వేర్ ఈనాటికీ నడుస్తోంది. ట్యూషన్లకు డబ్బు పెట్టే ముందు అక్కడ ఒకసారి చూడమనండి.

చివరి ఏడాది ప్రాజెక్టు గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల బృందం ఒక బోర్డు డిజైన్ చేసి తయారీకి పంపుతుంది. బోర్డు వస్తుంది, రెండు తీగలు ఎక్కడో అడ్డంగా కలిసి ఉంటాయి. మళ్లీ పంపాలి. సమర్పణ తేదీ దగ్గరపడింది కాబట్టి ఈసారి త్వరగా రావాలి, అప్పుడు బోర్డు ధర కంటే దాన్ని తెప్పించే ఖర్చే ఎక్కువవుతుంది. సివిల్ విద్యార్థులది ఇంకో రకం ఇబ్బంది. కాంక్రీటు ఘనాలు పోసి, నీళ్లలో నానబెట్టి, 7 రోజుల తర్వాత కొన్నిటిని, 28 రోజుల తర్వాత మిగతావాటిని యంత్రం కింద పెట్టి నలగ్గొట్టి బలం కొలుస్తారు. ఆ 28 రోజులను డబ్బుతో తగ్గించలేం. నెల ముందు పోయాల్సిన ఘనాలను సెలవుల ముందు పోసిన బృందం, అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక కూడా ఆ తొట్టి దగ్గర కాపలా ఉండాలి. హాస్టల్ బిల్లు మాత్రం ఆగదు. నాలుగో ఏడాది గడిలో ప్రాజెక్టు పేరున కొంత మొత్తం ఇప్పుడే రాసుకోండి. విభాగం ఎంత ఇస్తుందో, విద్యార్థులు ఎంత వేసుకుంటున్నారో అక్కడి ఆఖరి ఏడాది పిల్లలను అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ పెద్ద ఖర్చులు కావు. ఇంజినీరింగ్‌లో అన్నిటికంటే ఖరీదైనది అయిదో సంవత్సరం. మీ కుటుంబం దృష్టి పెట్టాల్సింది దీని మీదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఇంజినీరింగ్ పాఠ్యాంశాలు గొలుసులా ఉంటాయి. కలనగణితం దాటితే అవకలన సమీకరణాలు, అవి వస్తే సర్క్యూట్లు, వాటి తర్వాత సిగ్నల్స్, ఆ పైన కంట్రోల్ సిస్టమ్స్. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పాఠ్యాంశాన్ని ఏడాదికి ఒక్కసారే చెబుతారు. మొదటిది పాస్ కానిదే రెండోదానికి కూర్చోనివ్వని చోట, మొదటి సెమిస్టర్లో పోయిన ఒకే ఒక్క గణితం పేపరు డిగ్రీని ఏకంగా ఏడాది వెనక్కి నెడుతుంది. కొన్ని చోట్ల బ్యాక్‌లాగ్‌లతోనే, అంటే తప్పిన పేపర్లు మిగిలి ఉన్నా, పై తరగతికి పంపుతారు, కానీ అవి పోగుపడి చివర్లో ఒకేసారి మీద పడతాయి. అప్పుడు ఆ అయిదో ఏడాదికి ఫీజు ఉంటుంది, బతుకు ఖర్చు ఉంటుంది, తీసుకున్న అప్పు మీద ఇంకో ఏడాది వడ్డీ ఉంటుంది. వీటన్నిటికీ మించి, ఉద్యోగంలో రావాల్సిన ఒక ఏడాది జీతం రాకుండా పోతుంది. ఫీజులో బేరమాడి మిగుల్చుకున్నదంతా కలిపినా దానికి సరితూగదు.

అందుకే రెండు విశ్వవిద్యాలయాలనూ ఈ ప్రశ్న అడగండి: మీ తమ్ముడు చేరబోయే విభాగంలో చేరినవారిలో ఎంతమంది నిర్ణీత కాలంలో పట్టా తీసుకుంటున్నారు? విశ్వవిద్యాలయం మొత్తం అంకె వద్దు, ఆ ఒక్క విభాగానిది కావాలి. తప్పిన పేపరు మళ్లీ రాసే అవకాశం ఎన్నాళ్లకు వస్తుంది, వేసవిలో ఆ తరగతులు మళ్లీ చెబుతారా అని కూడా. వేసవిలో మళ్లీ చెప్పే చోట ఒక తప్పు ఒక వేసవితో పోతుంది. చెప్పని చోట ఏడాది పోతుంది. అంకె చెప్పడానికి ఇష్టపడని విభాగాన్ని నేను నమ్మను.

ఇక్కడే ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఉన్న ఒక లోపం కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒకవైపే మాట్లాడినట్టవుతుంది. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అంటే రోజుకు మూడు గంటలు. మొదటి ఏడాది నెట్టుకొస్తారు. రెండో ఏడాది నుంచి ల్యాబులు సాయంత్రం దాకా సాగుతాయి, బృందంగా చేసే పనులు రాత్రికి మారతాయి. ఆఖరి బస్సు కోసం ప్రతిసారీ ముందు లేచిపోయే కుర్రాడు, తనకు తెలియకుండానే నేర్చుకునే పనంతా మిగతావాళ్లకు వదిలేస్తాడు. ఆ మూడు గంటలే పైన చెప్పిన బ్యాక్‌లాగ్‌కు కారణమైతే ఇంట్లో ఉండి మిగిల్చిందేమీ ఉండదు. కాబట్టి మూడో ఏడాది, నాలుగో ఏడాది గడుల్లో హాస్టల్ ఖర్చు కూడా రాసి ఉంచండి. మీరు రాసిన రేటు ప్రకారమే అది మరో 240 అవుతుంది. అది కలిపినా మొత్తం 750 దాటదు, 1,272కు ఇంకా చాలా దూరంలోనే ఉంటారు.

రెండు చోట్లా ఇంకొకటి చూడాలి, గుర్తింపు. పట్టా ఇచ్చే కోర్సుకు ఆ దేశపు ఇంజినీరింగ్ విద్యా మదింపు సంస్థ గుర్తింపు ఉందా లేదా అన్నది కోర్సు వారీగా చూడాలి, విశ్వవిద్యాలయం పేరు చూసి ఊరుకోవద్దు. 1989లో మొదలైన వాషింగ్టన్ ఒప్పందం కింద, సభ్య దేశాల సంస్థలు ఒకరు గుర్తించిన ఇంజినీరింగ్ కోర్సులను మరొకరు సమానంగా పరిగణిస్తాయి. తమ్ముడు రేపు పై చదువుకో, ఉద్యోగానికో ఇంకో దేశం వెళ్లాలనుకుంటే ఇది పనికొస్తుంది. గుర్తింపు లేని కోర్సు ఎంత చవకగా వచ్చినా వద్దు.

చదువుతూనే సంపాదించే దారి ఇంజినీరింగ్‌లో పాతదే. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది విద్యార్థులతో ఒక పద్ధతి మొదలుపెట్టారు: కొంతకాలం తరగతిలో, కొంతకాలం జీతం తీసుకుంటూ కర్మాగారంలో, మళ్లీ తరగతిలో. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో ఇదే పద్ధతితో పుట్టి, ఇప్పుడు దానికే పేరుపొందింది. ఈ పద్ధతిలో చదువు కొంచెం ఎక్కువకాలం పడుతుంది, కానీ అప్పు తగ్గుతుంది, చేతికి పని వస్తుంది. మీ తమ్ముడికి వచ్చిన రెండు సీట్లలో ఎక్కడైనా జీతంతో కూడిన శిక్షణ పాఠ్యక్రమంలో భాగంగా ఉందేమో చూడండి. జీతం లేని ఇంటర్న్‌షిప్ మాత్రం ఆదాయం కాదు, ఖర్చు. వేరే ఊళ్లో రెండు నెలలు గది అద్దె కట్టి ఉచితంగా పని చేయడమది. హోమ్ ట్యూషన్లు, రాత్రి ఉద్యోగాలతో ఫీజు లాక్కొస్తానని తమ్ముడు అంటే మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. ఆ గంటలు గణితానికి కావాలి.

బంధువు చెప్పిన జర్మనీ మాట సగం నిజం. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి ఐరోపా సంఘం బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో అలాంటి విద్యార్థులకు ఫీజు మొదలుపెట్టింది. ఫీజు లేని చోటైనా బతకడానికి డబ్బుందని వీసాకు ముందే చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని ఏడాదికి 11,904 యూరోలుగా పెట్టారు. చాలామంది దాన్ని ప్రత్యేక ఖాతాలో వేసి చూపిస్తారు, నెలకు ఇంత అని విడుదలవుతుంది. ఆ మొత్తంలో ఒక్క యూరో కూడా ట్యూషన్ కోసం కాదు, అంతా అద్దె, తిండి, ఆరోగ్య బీమాకే. పైగా డిగ్రీ స్థాయిలో ఇంజినీరింగ్ కోర్సులు చాలావరకు జర్మన్ భాషలోనే ఉంటాయి. ఆ భాషను తరగతి అర్థమయ్యే స్థాయికి నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని, ఖర్చును కూడా కలిపితే ఉచితం అన్న మాట నిలబడదు. పై చదువుకు వెళ్లేటప్పుడు ఆలోచించదగ్గ దారి అది. ఇప్పుడు కాదు.

ఇక అప్పు. దీని మీద మీ అమ్మగారిదీ, నాన్నగారిదీ చెరో సగం సబబుగా ఉంది. నాలుగేళ్లలో మొత్తం ఒక లక్ష అప్పు కావాలనుకుందాం. ఏడాదికి 25,000 చొప్పున ప్రతి ఏడాది మొదట్లో తీసుకుంటారు, వడ్డీ 10 శాతం. చదువు అయ్యేదాకా ఏమీ కట్టనక్కర్లేదని బ్యాంకు చెబుతుంది. నిజమే, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది ఏటా అసలులో కలుస్తుందనుకుందాం. నాలుగో ఏడాది చివరికి లక్ష కాస్తా 1,27,600 అవుతుంది. అక్కడి నుంచి పదేళ్ల నెలవాయిదాలు పెట్టుకుంటే నెలకు దాదాపు 1,690, మొత్తం కట్టేది 2,02,000 పైన. తీసుకున్నదానికి రెట్టింపు.

అదే అప్పులో చదువుతున్న కాలపు వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేస్తే? మొదటి ఏడాది 2,500, రెండో ఏడాది 5,000, మూడో ఏడాది 7,500, నాలుగో ఏడాది 10,000, మొత్తం 25,000. చదువు అయ్యేసరికి అప్పు లక్ష దగ్గరే నిలబడి ఉంటుంది. ఆ తర్వాత పదేళ్లకు బదులు అయిదేళ్లలో తీర్చేస్తే నెలకు 2,125 చొప్పున 1,27,500, ముందు కట్టిన 25,000 కలిపినా 1,52,500. అదే లక్ష, అదే వడ్డీ రేటు, తేడా దాదాపు 50,000. అప్పు మంచిదా చెడ్డదా అని వాదించుకునే బదులు ఈ రెండు వరుసలూ అమ్మానాన్నల ముందు పెట్టండి. సంతకం పెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: వడ్డీ రేటు మారేదా మారనిదా, ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందా, చదువు కాలపు వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేవారికి రేటులో ఏమైనా తగ్గిస్తారా.

ఎంత అప్పు దాకా ఫరవాలేదు అంటే, నేను పెట్టే హద్దు ఇది: మొత్తం అప్పు, ఆ విభాగంలో నిరుడు పట్టా తీసుకున్న మామూలు విద్యార్థి మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. అందరికంటే ఎక్కువ జీతం వచ్చిన విద్యార్థి ఫోటో కరపత్రం మీద ఉంటుంది, ఆ అంకె మీకు పనికిరాదు. జీతాలను వరుసలో పెడితే మధ్యలో ఎవరున్నారో, అసలు ఉద్యోగం రాని వారెందరో అడగాలి. అప్పు ఏడాది జీతానికి సమానమైతే, 10 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెల జీతంలో ఆరో వంతు కంటే కొంచెం తక్కువ. రెట్టింపైతే మూడో వంతుకు దగ్గర. మూడో వంతు వాయిదాకే పోయే కుర్రాడు నచ్చని ఉద్యోగం మానలేడు, పై చదువుకు పోలేడు, ఇంటికి పైసా పంపలేడు.

స్థలం అమ్మవద్దు. కనీసం ఇప్పుడు వద్దు. పదవీ విరమణ చేసిన వ్యక్తికి, ఆయన భార్యకు రేపటి వైద్యానికైనా, తిండికైనా అదొక్కటే ఆధారమని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. చదువుకు అప్పు ఇచ్చేవారుంటారు, వృద్ధాప్యానికి ఇవ్వరు. పైగా ఒకేసారి అమ్మితే నాలుగేళ్ల డబ్బు మొదటి రోజే చేతికొస్తుంది, అందులో మూడేళ్ల డబ్బు ఇంటి అవసరాల్లో కరిగిపోయే ప్రమాదం ఉంది. ఏ ఏడాదికి కావాల్సిన అప్పు ఆ ఏడాదే తీసుకోండి. తమ్ముడు మొదటి ఏడాది ఎలా చదివాడో చూశాక స్థలం సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు. అమ్మాల్సి వస్తే అప్పటికీ అది అక్కడే ఉంటుంది.

ఈ లెక్కలన్నిటిలో తమ్ముడు ఎక్కడున్నాడు? మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, అమ్మగారి మాట ఉంది, బంధువు మాట కూడా ఉంది, ఆ అబ్బాయి మాట ఒక్కటి లేదు. అప్పు పత్రం మీద అతని సంతకం కూడా ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి డబ్బు బాధ ఎందుకని పెద్దవాళ్లు దాస్తారు, ప్రేమతోనే దాస్తారు. కానీ అయిదో ఏడాది ఖరీదు ఎంతో తెలియని పిల్లాడు మొదటి సెమిస్టర్ గణితాన్ని తేలిగ్గా తీసుకుంటాడు. గడుల కాగితం అతని చేతే వేయించండి. రెండు విభాగాలకూ వెళ్లి పైన చెప్పిన ప్రశ్నలు అతన్నే అడగమనండి, మీరు పక్కన ఉంటే చాలు. అన్నీ చూశాక కూడా దూరపు విశ్వవిద్యాలయమే కావాలంటే, ఎందుకో వినండి. అతను కోరే ప్రత్యేక విభాగం అక్కడ మాత్రమే ఉంటే అది వినదగ్గ కారణం. పేరు ఒక్కటే కారణమైతే ఆ పేరుకు మీ ఇల్లు, ఏడాది ఫీజు 100 అనుకున్న మొదటి లెక్క ప్రకారం, 500 నుంచి 800 దాకా అదనంగా కట్టాల్సిన పని లేదు. నా మాట ప్రభుత్వ విశ్వవిద్యాలయానికే.

మీ సంగతి చివరికి ఉంచాను, చిన్నదని కాదు. మీరు ఆగవద్దు. తమ్ముడి చదువు అయ్యేదాకా అంటే నాలుగేళ్లు, తర్వాత అతను ఉద్యోగంలో కుదురుకునేదాకా ఇంకో ఏడాది, ఆ తర్వాత ఇంకేదో వస్తుంది. అయిదేళ్ల తర్వాత మీరు పై చదువు మొదలుపెడితే, అప్పటికి పెరిగిన జీతం వదులుకుని వెళ్లాలి కాబట్టి మీ చదువు ఇప్పటికంటే ఖరీదైనదవుతుంది. ఇంటి లెక్కలో దాన్ని ఎవరూ వేయలేదు, మీరు కూడా.

మీ వంతు సహాయానికి ఒక హద్దు పెట్టుకోండి: చదువు కాలపు వడ్డీ మీది, అసలు తమ్ముడిది. పైన వేసిన వడ్డీ వరుస మళ్లీ చూడండి. లక్షకు నాలుగేళ్లలో 25,000 అయినా, మొదటి రెండేళ్ల వాటా 7,500 మాత్రమే. బరువంతా మూడో ఏడాది, నాలుగో ఏడాది మీద ఉంది. ఆ మొదటి రెండేళ్ల వడ్డీని మీ పొదుపులోంచి ఇప్పుడే విడిగా ఒక ఖాతాలో వేసి, అప్పు ఖాతాకు దానంతట అదే జమయ్యేలా పెట్టండి. రెండేళ్ల కోర్సుకు మీరు ఈ ఏడాది వెళ్తే, వడ్డీ పెరిగే మూడో ఏడాదికి మళ్లీ ఉద్యోగంలో ఉంటారు. కోర్సులో ఉపకార వేతనం ఉంటే ఇంకా సులువు. ఈ ఒప్పందాన్ని తమ్ముడి ప్రవేశం ఖరారు కాకముందే ఇంట్లో చెప్పేయండి, తర్వాత చెబితే వెనక్కి తగ్గినట్టు వినిపిస్తుంది. మీరు కోరుకుంటున్న కోర్సుకు ఈ ఏడాది గడువు ఇంకా మిగిలి ఉంటే దరఖాస్తు ఇప్పుడే పంపండి. సీటు వచ్చాక చేరడమా, ఒక ఏడాది వాయిదా అడగడమా అన్నది అప్పుడు ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.